హిగ్స్ దశ మార్పులో బుడగలే లేవంటే లీసా దేనికోసం?

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు:
ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఎంసెట్ హడావిడి అయిపోయాక అంతరిక్షంలో గురుత్వ తరంగాలను పట్టడానికి పంపబోయే లీసా గురించి చదవడం మొదలుపెట్టాను, ఇక వదలడం లేదు. విశ్వం పుట్టాక సెకనులో 10,000 కోట్లవ వంతు దగ్గర, కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రం దశ మారిందట. అప్పుడు కొత్త దశ బుడగలుగా పుట్టి, పెరిగి, ఢీకొని ఉంటే గురుత్వ తరంగాలు వచ్చి ఉంటాయట. బాగుంది. కానీ అదే వ్యాసంలో కాస్త కిందికి వెళ్తే, స్టాండర్డ్ మోడల్ (కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం) ప్రకారం ఆ మార్పు క్రాసోవర్, అంటే హఠాత్తుగా కాక మెల్లగా జరిగేది, అని ఉంది. అంటే బుడగలే లేవు కదా! మరి అంత ఖర్చు ఎందుకు?

ఇంకో డౌటు. గుండ్రంగా పెరిగే బుడగ నుంచి గురుత్వ తరంగం రాదు, అది మనకు తెలిసిందే. మరి తరంగాలు ఎక్కడివి? మూడోది, ఆ తరంగాల ఫ్రీక్వెన్సీ మిల్లీహెర్ట్జ్‌లలో ఉంటుందట, ఆ అంకె ఎక్కడి నుంచి ఊడిపడింది? ఫార్ములా దొరికింది గానీ, ఎలా వచ్చిందో తెలియని ఫార్ములాను పిల్లల చేత కూడా రాయించను.

గచ్చిబౌలి రీసెర్చ్ స్కాలర్:
నమస్తే సర్. మూడోది ముందు చెప్తా, అదే నాకు ఇష్టం.

100 జీఈవీ ఉష్ణోగ్రత (జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తికీ బరువుకీ వాడే కొలత) దగ్గర హబుల్ దూరం సెంటీమీటరు పైచిలుకు. అప్పటి విశ్వంలో ఒకదానితో ఒకటి సంబంధం ఉండే ప్రాంతం సుమారుగా అంతే. ఢీకొనే నాటికి బుడగలు అందులో నూరో వంతు పెరిగాయనుకోండి, అంటే 0.1 మిల్లీమీటరు. అప్పటి నుంచి ఇప్పటికి విశ్వం సుమారు 1,000 లక్షల కోట్ల రెట్లు సాగింది. ఆ 0.1 మిల్లీమీటరు ఇవాళ 10 కోట్ల కిలోమీటర్లు. కాంతివేగంతో ఒక అల మనల్ని దాటడానికి ఐదారు నిమిషాలు, అంటే 3 మిల్లీహెర్ట్జ్. లీసా బాగా పనిచేసేది సరిగ్గా అక్కడే. 25 లక్షల కిలోమీటర్ల ఎడంలో మూడు ఉపగ్రహాలు, 2035 ప్రాంతంలో ప్రయోగం. ఐరోపా అంతరిక్ష సంస్థ ఈసా 2024 జనవరిలో దానికి పచ్చజెండా ఊపింది.

రెండోది: మీరన్నది కరెక్టే, ఒంటరి బుడగ ఏమీ పంపదు. బుడగలు గుద్దుకున్నప్పుడే ఆ గుండ్రదనం చెడుతుంది. చాలాకాలం గోడలు గుద్దుకోవడాన్నే లెక్కపెట్టారు. 2013 నుంచి వచ్చిన సిమ్యులేషన్లలో తేలిందేమిటంటే, బుడగలు మాయమయ్యాక కూడా వేడి ప్లాస్మాలో ధ్వని తరంగాలు మిగిలిపోతాయి. చాలా మోడళ్లలో అసలు సిగ్నల్ వాటిదే.

ఇక క్రాసోవర్. 1996లో కజాంటీ, లైన్, రుమ్ముకైనెన్, షపోష్నికోవ్ లాటిస్ లెక్కలు (స్థలాన్ని గళ్లుగా విడగొట్టి కంప్యూటర్‌తో చేసేవి) చేసి, హిగ్స్ బరువు సుమారు 80 జీఈవీ దాటితే బుడగలుండవని తేల్చారు. పేరిన నెయ్యి మెల్లగా మెత్తబడ్డట్టు, ఎక్కడా గీత గీయలేం. 2012లో దొరికిన హిగ్స్ 125 జీఈవీ. కాబట్టి స్టాండర్డ్ మోడల్ నుంచి లీసాకు అందేంత సిగ్నల్ రాదు. అందుకే చూడాలి సర్! అక్కడ ఆ రకం సిగ్నల్ కనిపిస్తే దాన్ని పాత మోడల్ ఖాతాలో వేయడం కుదరదు. హిగ్స్‌తో కలిసే ఇంకో స్కేలార్ కణం (హిగ్స్‌లాగే స్పిన్ లేనిది) ఒక్కటి ఉన్నా మార్పు ఫస్ట్ ఆర్డర్, అంటే బుడగలతో జరిగేది, కావచ్చు. పైగా యాంటీమ్యాటర్ కన్నా మ్యాటర్ ఎందుకు మిగిలిందో చెప్పడానికి 1967లో సఖరోవ్ పెట్టిన షరతుల్లో సమతాస్థితి తప్పడం ఒకటి. బుడగలుంటే ఆ షరతు తీరుతుంది.

కంది క్యాంపస్:
మాస్టారూ, 150 ఎంఈవీ (జీఈవీలో వెయ్యో వంతు ఎంఈవీ) ఉష్ణోగ్రత కథ కూడా ఉంది. క్వార్కులు ప్రోటాన్లలో చిక్కుకున్న సమయం, సెకనులో లక్షవ వంతు దగ్గర. 2023 జూన్‌లో పల్సార్ టైమింగ్ బృందాలు (పల్సార్ నక్షత్రాల స్పందనల్లో తేడాలను బట్టి గురుత్వ తరంగాలను వెతికేవాళ్లు) నానోహెర్ట్జ్ గురుత్వ తరంగాల హోరుకు ఆధారాలు ప్రకటించినప్పుడు "క్వార్కుల బుడగలేనా?" అని పేపర్ల మీద పేపర్లు వచ్చాయి. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో పనిచేసే మన పల్సార్ టైమింగ్ బృందం ఇన్‌పీటీఏ కూడా ఆ ప్రకటనలో ఉంది, ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు అది జంటగా తిరిగే భారీ కృష్ణబిలాల పనే అనిపిస్తుంది. క్వార్కుల మార్పు కూడా క్రాసోవరేనని 2006 లాటిస్ లెక్కలు చెప్పాయి. పైన తమ్ముడి లెక్కలోనే 100 జీఈవీ బదులు 150 ఎంఈవీ పెట్టండి, మైక్రోహెర్ట్జ్‌లు వస్తాయి. నానోహెర్ట్జ్‌కి దించాలంటే బుడగలు దాదాపు హబుల్ దూరమంత పెరగాలి.

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు:
తమ్ముడూ, లెక్క చేసి చూశాను, వచ్చింది. కానీ ఆ "నూరో వంతు" ఎవరిచ్చారు? ఇంకోటి, మన గెలాక్సీలో తెల్ల మరుగుజ్జు (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) జంటలు కూడా మిల్లీహెర్ట్జ్‌లోనే హోరెత్తిస్తాయట కదా, దేన్ని దేనితో విడదీస్తారు?

గచ్చిబౌలి రీసెర్చ్ స్కాలర్:
నూరో వంతు నేను అనుకున్నదే సర్. మోడల్‌ని బట్టి పదో వంతు నుంచి వెయ్యో వంతు దాకా ఉంటుంది. బుడగలు పెద్దవైతే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, సిగ్నల్ బలపడుతుంది.

మరుగుజ్జులు ఎక్కువగా గెలాక్సీ పళ్లెంలోనే ఉన్నాయి. లీసా సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే వాటి హోరు ఏడాది పొడవునా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తొలి విశ్వం నుంచి వచ్చేది అన్ని దిక్కుల నుంచీ దాదాపు ఒకేలా వస్తుంది. దాని స్పెక్ట్రమ్ ఆకారం కూడా వేరు. అయినా విడదీయడం తేలిక కాదు, మా ల్యాబ్‌లో ఒకాయన రోజంతా కుస్తీ పట్టేది దానితోనే.