వాళ్ళ దగ్గరే కాగితాలు పోయి మళ్ళీ మననే అడిగితే గమ్మున పంపాలా, గట్టిగా అడగాలా?

కోనసీమ_కొబ్బరి:
అందరికీ నమస్తే అండి. ఇక్కడ ఎప్పుడూ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, పొడుగైతే ఏమనుకోకండి. మాది అమెరికా గ్రీన్‌కార్డు గొడవ. 2020 అక్టోబర్‌లో ఈబీ-3 (ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీల్లో ఒకటి, ఈబీ-2 ఇంకోటి) ఫైలింగ్ డేట్, అంటే క్యూలో ఏ తేదీ దాకా ఉన్నవాళ్ళు అప్లికేషన్ వేసుకోవచ్చో చెప్పే తేదీ, ఒక్కసారిగా 2015 జనవరికి దూకింది గుర్తుందా, అప్పుడు మేం కూడా అందరిలాగే ఈబీ-2 నుంచి డౌన్‌గ్రేడ్ చేసి నాకూ మా ఆవిడకీ ఐ-485 (గ్రీన్‌కార్డు అప్లికేషన్) వేసేశాం. మాది 2013 ప్రయారిటీ డేట్ (క్యూలో మన చోటు చెప్పే తేదీ). 2021లో డేట్ వచ్చినట్టే వచ్చి మా ఫైలు ఎవరూ తెరిచేలోపే మళ్ళీ వెనక్కి పోయింది, సరే అది అందరి కథే. ఇప్పుడు మళ్ళీ కరెంట్ అయ్యాం (అంటే మా వంతు వచ్చింది), కార్డు వస్తే తిరుపతి వెళ్దామని మా ఆవిడ ఫ్లైట్ రేట్లు చూస్తుంటే కార్డు బదులు ఇమిగ్రేషన్ ఆఫీసు (యూఎస్‌సీఐఎస్) నుంచి ఆర్ఎఫ్ఈ (ఇంకా కాగితాలు పంపమనే నోటీసు) వచ్చి కూర్చుంది. మెడికల్ (ఐ-693, డాక్టర్ పరీక్ష రిపోర్టు) ఫైల్లో లేదంట, నా బర్త్ సర్టిఫికెట్ బదులు పెట్టిన అఫిడవిట్లు కూడా లేవంట. రెండూ పంపాం అండి. అవతల సంతకం పెట్టి తీసుకున్నట్టు కొరియర్ రసీదు కూడా ఉంది.

మెడికల్‌దేముంది, డబ్బులు పోతే పోయాయి మళ్ళీ చేయించుకుంటా. నా బాధ అఫిడవిట్ గురించే. నేను పుట్టింది అమలాపురం దగ్గర ఒక పల్లెలో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద, పంచాయతీలో ఎవరూ రాయించలేదు. అందుకని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ (రికార్డుల్లో నా పుట్టుక లేదనే కాగితం) తీసుకుని, అమ్మదొకటి నాన్నదొకటి వంద రూపాయల స్టాంపు పేపర్ మీద నోటరీ అఫిడవిట్లు చేయించాం. తెలివితక్కువగా ఒరిజినల్సే లాయర్‌కి ఇచ్చేశా. నా ఫోన్లో నాన్న అఫిడవిట్ మొదటి పేజీ ఫోటో ఒక్కటే ఉంది, సంతకం ఉన్న పేజీ లేదు. నాన్న 2022లో పోయారు.

లాయరేమో "పోగొట్టారు గీగొట్టారు అని ఏం రాయొద్దు, అడిగినవి మళ్ళీ పంపేద్దాం, ఆఫీసర్‌తో మనకెందుకు" అంటున్నాడు. మా తమ్ముడేమో కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి రాయి, కాదంటే కోర్టుకెళ్ళు అంటాడు. మీరైతే ఏం చేస్తారు?

క్యూలో_పదమూడేళ్ళు:
బ్రో, నీ లాయర్ చెప్పిందే కరెక్టు. నాకూ 2022లో ఇదే అయింది, మెడికల్ లేదన్నారు, ఉందని నాకు తెలుసు, అయినా మాట్లాడకుండా 350 డాలర్లు పెట్టి మళ్ళీ చేయించుకుని సీల్డ్ కవర్ పంపేశా, రెండు నెలల్లో కార్డు వచ్చింది. ఆ 350 కోసం లెటర్ల మీద లెటర్లు రాస్తూ కూర్చుంటే ఈపాటికి ఇంకా క్యూలోనే ఉండేవాణ్ణి. తప్పు ఎవరిదో తేలితే నీకొచ్చేది ఏంటి చెప్పు? అక్కడ కూర్చున్న ఆఫీసర్‌కి నీ ఫైలు ముందు ఎవరి టేబుల్ మీదుందో కూడా తెలీదు, తన ముందున్న ఫైల్లో కాగితం ఉందా లేదా అంతే.

వరంగల్_టు_వర్జీనియా:
గిట్ల అందరం గమ్మునుంటం కాబట్టే వాళ్ళకు అలవాటయింది అన్నా. ఇది ఒక్కరికో ఇద్దరికో అయ్యేది కాదు. 2006ల జీఏఓ అని అమెరికా సర్కారు సొంత ఆడిట్ సంస్థే రిపోర్టు ఇచ్చింది, బాగా బిజీగుండే 14 ఆఫీసులల్ల సుమారు 1,11,000 ఫైళ్ళు ఎక్కడున్నయో దొరుకుతలేవని. అదే రిపోర్టుల ఇంకోటి, 2005ల 30,000 దాకా సిటిజన్‌షిప్ అప్లికేషన్లు ఫైలు చూడకుండనే తేల్చి ఉండొచ్చని. అంటే వాళ్ళ దగ్గర ఫైలు లేకున్నా పని నడుస్తది, మన దగ్గర ఒక్క కాగితం తక్కువైతే మాత్రం డినయల్. మన పైసలు మన టైము పోతే ఎవరిస్తరు? అడగాలె. కాంగ్రెస్‌మన్ ఆఫీసుల ప్రైవసీ రిలీజ్ ఫారం నింపి ఇస్తే వాళ్ళు ఎంక్వైరీ పెడతరు, రూపాయి ఖర్చు లేదు.

క్యూలో_పదమూడేళ్ళు:
పెడతారు, నాకూ పెట్టారు ఇంకో విషయంలో. నెల తర్వాత వచ్చిన జవాబు: "మీ కేసు పరిశీలనలో ఉంది". అది వెబ్‌సైట్లో నేనే చదువుకున్నా కదా. 2006 సంగతి ఇప్పుడెందుకు అన్నా, అప్పుడు అన్నీ కాగితాలే.

వరంగల్_టు_వర్జీనియా:
ఇప్పుడేమన్న కాయితాలు లేవా? కోవిడ్ టైంల ఏమైందో యాదికున్నదా, పాత ఫైళ్ళన్నీ కాన్సాస్ సిటీ దిక్కు భూమి కింద సున్నపురాయి గుహలల్ల పెట్టిన్రు, స్టాఫ్ లేక అవి బయటకు రాక 2022 జనవరి నాటికి ఫైలు కావాలె అన్న రిక్వెస్టులే 3,50,000 దాకా ఆగిపోయినయి. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలు అయినోళ్ళు కూడా ఫైలు గుహల నుంచి ఎప్పుడొస్తదా అని చూసిన్రు. గుహలు అన్నా, జోక్ కాదు.

పిన్ని_ఫ్రమ్_ప్లేనో:
మీరిద్దరూ కొట్టుకుంటూ ఉండండి, ఆ అబ్బాయికి గడువు నడుస్తోంది. బాబూ, ఆర్ఎఫ్ఈకి ఎక్కువలో ఎక్కువ ఇచ్చేది 84 రోజులు, పోస్టులో వస్తే ఇంకో మూడు. నీ నోటీసు మీద ఏ తేదీ రాశారో అదే లెక్క, నీకు అందిన రోజు కాదు. ఇంకోటి, జవాబు ఒక్కసారే పంపాలి, ఇవాళ మెడికల్ వచ్చేనెల అఫిడవిట్ అంటే కుదరదు, ఉన్నవన్నీ కలిపి ఒకే ప్యాకెట్, ఆర్ఎఫ్ఈ ఒరిజినల్ కాగితం అన్నిటికంటే పైన.

మెడికల్ గురించి ఎవరూ గమనించలేదు. నువ్వు 2020లో చేయించుకున్నావు, 2023 నవంబర్ 1కి ముందు డాక్టర్ సంతకం పెట్టినదానికి రెండేళ్ళే వేలిడిటీ. అంటే అది ఫైల్లో భద్రంగా ఉన్నా ఇప్పుడు చెల్లదు, ఎలాగూ మళ్ళీ అడిగేవాళ్ళే. దాని మీద గొడవ పడి లాభం లేదు నాయనా. డాక్టర్ని అడిగి నీ కోసం ఒక కాపీ విడిగా తీసుకో, సీల్డ్ కవర్ మాత్రం పొరపాటున కూడా చింపకు, తెరిచిన కవర్ తీసుకోరు.

అన్నట్టు హెచ్-1 (వర్క్ వీసా) ఉంచుకున్నావా వదిలేశావా?

కోనసీమ_కొబ్బరి:
వదిలేశా పిన్నిగారు, మూడేళ్ళ కింద కంపెనీ మారినప్పటి నుంచి ఈఏడీ (ఐ-485 పెండింగ్‌లో ఉండగా ఇచ్చే వర్క్ పర్మిట్) మీదే. మెడికల్ సంగతి నిజంగా తెలీదు, థాంక్సండి.

పిన్ని_ఫ్రమ్_ప్లేనో:
అమ్మో. అయితే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి. గడువు దాటితే అప్లికేషన్ వదిలేసినట్టు లెక్కగట్టి డినై చేస్తారు, దాని మీద అప్పీల్ లేదు, 30 రోజుల్లో ఐ-290బి వేసి మళ్ళీ తెరవమని అడగాలి, అదో 800 డాలర్లు. 2025 ఫిబ్రవరి మెమో తర్వాత స్టేటస్ లేకుండా డినై అయినవాళ్ళకి నోటీస్ టు అపియర్ (దేశం నుంచి పంపించే కేసులో ఇమిగ్రేషన్ కోర్టుకి రమ్మనే నోటీసు) కూడా ఇస్తున్నారు. భయపెట్టడానికి కాదు, నీ కేసులో రోషం కంటే టైము ముఖ్యమని చెప్తున్నా.

క్యూలో_పదమూడేళ్ళు:
అదే నేనూ చెప్పేది.

క్రాయిడన్_చాయ్:
నేను యూకే నుంచి అండి, మీ ఫారాల నంబర్లు నాకు తెలీవు గానీ ఒక మాట. ఇక్కడ విండ్‌రష్ గొడవ వినే ఉంటారు. 1948 నుంచి కరీబియన్ దేశాల నుంచి పిలిపించుకున్న మనుషులు, వాళ్ళు ఓడ దిగినప్పుడు రాసిన ల్యాండింగ్ కార్డులు సర్కారు దగ్గరుండేవి, 2010లో స్థలం లేదనో ఏదో చెప్పి వాటిని నాశనం చేశారు. తర్వాత రూల్స్ బిగించి, మీరు ఇక్కడ అప్పట్నుంచీ ఉన్నారని ఒక్కో ఏడాదికీ రుజువు తెండి అని డెబ్భై ఏళ్ళ ముసలాళ్ళని అడిగారు. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, కనీసం 83 మందిని తప్పుగా దేశం దాటించినట్టు సర్కారే ఒప్పుకుంది. 2018లో పేపర్లు, ఎంపీలు గోల చేస్తేనే బయటపడింది. గమ్మున ఉన్నవాళ్ళు గమ్మునే పోయారు. అందుకే నేను వరంగల్ అన్న పక్షం.

క్యూలో_పదమూడేళ్ళు:
మేడం, మీరు చెప్పింది వేల మంది కలిసి చేసిన పోరాటం, వాళ్ళకి అక్కడ ఉండే హక్కుంది. ఇతను ఒక్కడు, ఈఏడీ మీద, చేతిలో గడువు. రెండూ ఒకటెలా అవుతాయి?

వరంగల్_టు_వర్జీనియా:
నేను కాగితాలు పంపొద్దని అన్లే. పంపు, పంపుకుంటనే అడుగు అంటున్న. కాదంటే మ్యాండమస్ ఉండనే ఉంది, ఫెడరల్ కోర్టుల ఫీజు 405 డాలర్లు, సర్కారు 60 రోజులల్ల జవాబు చెప్పాలె.

పిన్ని_ఫ్రమ్_ప్లేనో:
405 కోర్టుకి, లాయర్‌కి వేలల్లో. అదలా ఉంచు, మ్యాండమస్ అంటే "ఏదో ఒకటి తేల్చండి" అని అడగడమే, "కార్డు ఇవ్వండి" అని కాదు. ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేనివాళ్ళకి అది మందు. ఆర్ఎఫ్ఈ చేతిలో పెట్టుకుని వెళ్తే సర్కారు లాయరు నిలబడి "మేం అడిగిన కాగితం ఆయనే ఇంకా ఇవ్వలేదు" అంటాడు, అయిపోయింది.

తాలింపు_తాతయ్య:
ఒక పాత లాయర్ ఆఫీసులో పారాలీగల్‌గా పదేళ్ళు చేశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి చెప్తున్నా. ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతా: వాళ్ళే పోగొట్టారని ఎలా తెలుసు? ప్యాకెట్ కట్టింది నువ్వా?

కోనసీమ_కొబ్బరి:
లేదండి, లాయర్ ఆఫీసే కట్టి పంపింది. రసీదు వాళ్ళు మెయిల్ చేశారు.

తాలింపు_తాతయ్య:
అదీ. కొరియర్ రసీదు ప్యాకెట్ అందిందని చెప్తుంది, అందులో ఏముందో చెప్పదు. 2020 అక్టోబర్ ఎలా ఉండిందో నాకు తెలుసు, మళ్ళీ డేట్ వెనక్కి పోతుందేమోనని నెలలో వందల ప్యాకెట్లు కట్టాం, రాత్రి రెండింటిదాకా, కింద పరుచుకుని. మొగుడి మెడికల్ కవరు పెళ్ళాం ప్యాకెట్లో పడ్డ సందర్భాలు నేను చూశాను. ఒక ఇంట్లో ఇద్దరివీ ఒకే డబ్బాలో పంపినప్పుడు అవతల విడదీసేటప్పుడు నీ అఫిడవిట్ మీ ఆవిడ ఫైల్లోకి పోయినా పోవచ్చు. "పోగొట్టారు అని రాయొద్దు" అని మీ లాయర్ అంటున్నాడంటే ఆఫీసర్ మీద భయం ఒకటే కారణం కాకపోవచ్చు, అర్థమైందనుకుంటా.

వరంగల్_టు_వర్జీనియా:
వామ్మో తాతా, అసలు దొంగను పట్టినవ్ పో.

తాలింపు_తాతయ్య:
దొంగ అనకు, నాకు తెలీదు కదా. అందుకే ముందు చెయ్యాల్సింది కాంగ్రెస్‌మన్‌కి రాయడం కాదు. లాయర్‌కి ఒక మెయిల్: "2020లో నా ఐ-485తో పంపిన పూర్తి ప్యాకెట్ స్కాన్ నాకు పంపండి". ఐ-485లో నువ్వు క్లయింటువి, నీ ఫైలు నువ్వడిగే హక్కు నీకుంది. ఫీజు కంపెనీ కట్టింది, మేం ఇవ్వం అంటారు కొందరు, వినకు, రెండోసారి రాతపూర్వకంగా అడుగు. మామూలు ఆఫీసు ఏదైనా కట్టే ముందు స్కాన్ చేస్తుంది. పక్కన ఎఫ్ఓఐఏ (అమెరికా సమాచార హక్కు చట్టం కింద అర్జీ) కూడా వెయ్యి, ఆన్‌లైన్లోనే, నీ ఏ-ఫైల్లో (నీ ఇమిగ్రేషన్ ఫైలు) వాళ్ళ దగ్గర ఏముందో కాపీ వస్తుంది. చట్టం ప్రకారం 20 పనిదినాలు, కానీ ఆ లెక్క నమ్ముకుని ఆర్ఎఫ్ఈ ఆపుకోకు. మీ ఆవిడ ఫైలుకి కూడా విడిగా వేయించు, మీ నాన్నగారి కాగితం అందులో ఉందేమో ఎవరికి తెలుసు.

స్కాన్ దొరికితే చాలు. సపోర్టింగ్ కాగితాలకి మామూలుగా కాపీ సరిపోతుంది, వాళ్ళు పనిగట్టుకుని అడిగితే తప్ప ఒరిజినల్ పంపక్కర్లేదు. అసలు ఒరిజినల్స్ పంపించడమే మీ లాయర్ ఆఫీసు చేసిన మొదటి తప్పు. దొరక్కపోతే నువ్వు పుట్టినప్పటికి పెద్దవాళ్ళై ఉండి నీ పుట్టుక తెలిసినవాళ్ళు ఎవరున్నారు? మేనత్తో మేనమామో. వాళ్ళతో కొత్త అఫిడవిట్, నాన్న డెత్ సర్టిఫికెట్, నీ టెన్త్ మెమో. టెన్త్ మెమోలో పుట్టినతేదీ పాస్‌పోర్టుతో కలుస్తోందా చూసుకో ముందు, మన ఊళ్ళలో బళ్ళో వేసినప్పుడు మాస్టారు రాసిందే పుట్టినరోజు కదా.

కోనసీమ_కొబ్బరి:
కలుస్తుందండి, జూన్ ఒకటి, మా ఊరి సగం మందిదీ అదే 😄. పెద్దత్త ఉంది, నన్ను మొదట ఎత్తుకుంది తనే అని ఇప్పటికీ చెప్తుంది. అమ్మతోనూ మళ్ళీ చేయిస్తా.

క్యూలో_పదమూడేళ్ళు:
సరే, కవర్ లెటర్ సంగతి తేల్చండి. ఇవి ముందే పంపాం అని రాయాలా వద్దా? నా ఓటు వద్దనే.

తాలింపు_తాతయ్య:
రాయాలి. "మీరు పోగొట్టారు" అని కాదు. "ఇవి ఫలానా తేదీన సమర్పించాం, అందినట్టు రుజువు జతచేశాం, మీరు కోరినందున మళ్ళీ సమర్పిస్తున్నాం". మూడు ముక్కలు. ఎందుకంటే రేపు ఎప్పుడైనా ఐ-290బి వెయ్యాల్సొస్తే, కోర్టుకే వెళ్ళాల్సొస్తే, అప్పటికప్పుడు గుర్తొచ్చింది కాదు, ఆరోజే చెప్పాం అని చూపించడానికి ఫైల్లో ఉంటుంది. కానీ స్కాన్‌లో ఉంటేనే రాయాలి. లేనిది పంపామని రాసి సంతకం పెడితే అది వేరే కథ.

వరంగల్_టు_వర్జీనియా:
ఇది నేను ఒప్పుకుంట. కాంగ్రెస్‌మన్ ముచ్చట మాత్రం ఇడువ.

క్యూలో_పదమూడేళ్ళు:
నేను ఒప్పుకోను. ఆఫీసర్ ఆ వాక్యం చదివి పాత ఫైలు వెతకమని పంపిస్తే? అదో ఆరునెలలు. లోపు డేట్ వెనక్కి పోతే తాతయ్యగారు వచ్చి ముందుకు తోస్తారా?

పిన్ని_ఫ్రమ్_ప్లేనో:
అందుకే కొత్తవి కూడా పక్కనే పెడుతున్నాం కదయ్యా, ఆయనకి వెతకాల్సిన అవసరమే రాకుండా.

క్యూలో_పదమూడేళ్ళు:
చూద్దాం. నాకు నమ్మకం లేదు.

కోనసీమ_కొబ్బరి:
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా, సారీ. లాయర్ ఆఫీసు మొదటి మెయిల్‌కి జవాబివ్వలేదు, రెండో మెయిల్‌లో తాతయ్యగారు చెప్పినట్టే రాశా, మర్నాడు పీడీఎఫ్ పంపారు. 214 పేజీలు. అఫిడవిట్ 167లో మొదలైంది, 168లో నాన్న సంతకం, తెలుగులో, పేరు చివర సాగదీసి గీత గీసేవారు, అదే. మెడికల్ కవర్‌ది మాత్రం స్కాన్ లేదు, సీల్డ్ కాబట్టి తీయలేదంటున్నారు. అంటే అఫిడవిట్ గురించి రాయొచ్చు, మెడికల్ గురించి రాయకూడదు, అంతే కదండి? ఎఫ్ఓఐఏలు రెండూ వేశా. పెద్దత్త అఫిడవిట్ గురువారం నోటరీ అవుతుంది.

తాలింపు_తాతయ్య:
అంతే. ఆ రెండు పేజీలూ కలర్ ప్రింట్ తియ్యి, స్టాంపు పేపర్ మీద నోటరీ ముద్ర కనపడాలి. ఈసారి ప్యాకెట్ నువ్వే దగ్గరుండి కట్టించు, మూసే ముందు ఒక్కో పేజీ ఫోటో తీసుకో.

పిన్ని_ఫ్రమ్_ప్లేనో:
మీ ఆవిడ కవర్లో వేరే ఏమీ పడకుండా చూసుకో బాబూ.