టిబెట్ పర్మాఫ్రాస్ట్ కరిగితే మట్టిలో కార్బన్ తగ్గుతుందా, పెరుగుతుందా?

ఉప్పల్_పోరడు:
నిన్న ఆఫీసు క్యాంటీన్‌లో దీనిమీదే లొల్లి. టిబెట్ పీఠభూమి వేడెక్కితే అక్కడి పర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్లతరబడి గడ్డకట్టిన నేలలోని కార్బన్ అంతా గాల్లో కలుస్తుందని నేనన్నా. మా టీమ్‌లో ఒకాయన 2017లో నేచర్ జియోసైన్స్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన పేపర్ తీసి చూపించాడు. 2000ల్లో మట్టి తీసిన చోట్లకే 2010ల్లో మళ్లీ వెళ్లి తవ్వితే, పైపొరల్లో కార్బన్ పెరిగిందట! మరి ఇన్నాళ్లూ మనల్ని ఉత్తగనే భయపెట్టారా?

నేలమ్మ:
పేపర్ నిజమే తమ్ముడూ, మీ టీమ్‌లో ఆయన చదివిన తీరులోనే తిరకాసు ఉంది. అది పై 30 సెంటీమీటర్ల లెక్క. వేసవిలో కరిగి గడ్డి మొలిచే పొర అది. కాస్త వేడి తగిలితే గడ్డి బాగా వస్తుంది, చచ్చిన వేర్లు మట్టిలో చేరతాయి. ఏళ్లతరబడి సున్నా డిగ్రీలు దాటని అసలు పర్మాఫ్రాస్ట్ దాని కింద ఉంది.

మొన్న మే నెలలో మా ఇంట్లో రాత్రంతా కరెంటు లేదు. పొద్దున ఫ్రిజ్ తలుపు తీస్తే ఇడ్లీ పిండి మూతను పక్కకు తోసి అరంతా పారింది, ఒకటే పుల్లటి వాసన. రెండు రోజులు కదలకుండా ఉన్న పిండే అది. గడ్డనేల కరిగితే అందులోని పాత వేర్లు తింటూ సూక్ష్మజీవులూ అలాగే పని మొదలుపెడతాయి. గాలి ఆడే చోట కార్బన్ డయాక్సైడ్, నీళ్లు నిలిచిన చోట మీథేన్ కూడా వదులుతాయి.

చలక_నేల:
అక్కా, ఫ్రిజ్‌లో రోజూ కొత్త పిండి ఎవరూ పోయరు. అక్కడ గడ్డి ఏటా కొత్త కార్బన్ పోస్తూనే ఉంది కదా! పైగా సైబీరియాను చూసి టిబెట్‌కు భయపడితే ఎట్లా? ఉత్తర ధ్రువం వైపున్న పర్మాఫ్రాస్ట్ నేలల్లో దాదాపు 1.5 లక్షల కోట్ల టన్నుల కార్బన్ ఉంది. టిబెట్‌లో 3 మీటర్ల లోతు వరకు ఒక అంచనా 1,500 కోట్ల టన్నులు. అంటే వందో వంతు. దీనికింత టెన్షనా?

నేలమ్మ:
3 మీటర్ల దగ్గర ఆగితే అంతే. 25 మీటర్ల దాకా వెళ్లిన ఇంకో అంచనా 16,000 కోట్ల టన్నులు. అందులోనూ సగానికి పైగా అటూ ఇటూ కావచ్చని వాళ్లే రాసుకున్నారు.

మట్టి_డబ్బా:
నేను మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తా. రేగడి తెచ్చిన రైతు 'ఇంత నల్లగుంది, కార్బన్ మస్తుంటది కదా సార్' అంటాడు. రిపోర్టులో చాలాసార్లు అర శాతం కూడా రాదు. ఆ నలుపు కార్బన్‌ది కాదు మరి. పైకి చూసి లోపలి లెక్క చెప్పలేం.

పోయినేడు లడఖ్ పోయినప్పుడు, టిబెట్ పీఠభూమి పశ్చిమ కొస అయిన చాంగ్‌థాంగ్‌లో వాగు కోసిన గట్టు చూశా. జానెడు మందాన పచ్చిక చాపలా అల్లుకుని ఉంది, చాకు దిగలేదు. దాని కింద ఇసుక, గులకరాళ్లు. పదడుగులు జరిగితే చాపే లేదు. గట్టు కూలిన చోట దాని పెళ్లలు వాగులో నానుతున్నాయి. పై గడ్డి ఎంత పెరిగినా అలా కూలిన చోట ఏం మిగులుతుంది? నా ఓటు నేలమ్మ గారికే. కానీ పది లక్షల చదరపు కిలోమీటర్ల మంచునేలకు ఒకే జవాబు చెప్పేవాళ్లను మాత్రం నమ్మను.

ఉప్పల్_పోరడు:
ఇంతకీ మేం బిర్యానీ పందెం కాశాం. ఎవరు కొనాలి?

చలక_నేల:
ఎంత లోతులో, ఎన్నేళ్లలో అని మాట్లాడుకున్నారా?

ఉప్పల్_పోరడు:
లేదన్నా.