పడమటి కిటికీకి పలకల తలుపులు: లోపల పెట్టించాలా, బయటా?

ప్రశ్న:
అనంతపురంలో మా ముందుగది కిటికీ పడమటి వైపుంది. ఏప్రిల్ వస్తే సాయంత్రం దాకా అద్దం ముట్టుకోలేము. మందపాటి పరదాలతో గది చీకటైందే తప్ప వేడి తగ్గలేదు. వాలుగా పలకలు పేర్చిన చెక్క తలుపులు పెట్టిద్దామని ఆలోచన. ఏ చెక్క మంచిది? లోపలా, బయటా?

జవాబు:
అమ్మా, నేను కడపలో వడ్రంగిని. తప్పకుండా బయటే పెట్టించండి. ఎండ అద్దం దాటాక పరదా ఏం చేస్తుంది? తాను వేడెక్కి ఆ వేడిని గదికే ఇస్తుంది. ఎండను అద్దానికి అవతలే ఆపాలి.

ముందు ఒకటి చూడండి. మీ అద్దాల తలుపులు బయటికి తెరుచుకుంటాయా? అలాగైతే రెండూ ఢీకొంటాయి. అద్దాలను లోపలికి తిప్పించాలి. కిటికీకి ఇనుప చువ్వలుంటే, వాటి సందులోంచి చెయ్యి గడియకు అందాలి. దీన్ని చాలామంది పని పూర్తయ్యాకే గమనిస్తారు, నాకు బాధేస్తుంది.

పడమటి ఎండ సాయంత్రానికి కిందికి దిగి సూటిగా కొడుతుంది. బిగించేసిన పలకల సందుల్లోంచి లోపలికి వచ్చేస్తుంది. అందుకే కదిలే పలకలు అడగండి, పూర్తిగా మూయవచ్చు. బాగా ఆరిన టేకు తీసుకోండి. పచ్చి చెక్క మన పొడి ఎండలకు కుంచించుకుపోయి అతుకులు వదులవుతాయి. లేత రంగు వేయించండి.

మరో జవాబు:
ఖర్చు ఎక్కువనిపిస్తే ఈ వేసవికి వట్టివేళ్ల తడకలు కట్టి తడపండి. మా కర్నూలు పొడిగాలికి బాగా చల్లబరుస్తాయి. నీళ్లు మాత్రం చూసుకోవాలి.

అడిగినవారు:
మా అద్దాలు బయటికే తెరుచుకుంటాయి. అన్నా, పాత చట్రం ఉంచుకుని బందులు మాత్రమే మార్చవచ్చా?

కడప వడ్రంగి:
చట్రంలో తలుపు కూర్చునే గాడి ఏ వైపుందో చూడాలమ్మా. బయటి వైపుంటే లోపల కొత్త పట్టీ కొట్టాల్సిందే.