నడుము మళ్లీ బస్తాలు మోయగలదో లేదో ఇంట్లో ఎలా చూసుకోవాలి?

పలాస కుర్రాడు:
జీడి ఫ్యాక్టరీలో పిక్కల బస్తాలు దించే పని నాది. ఒక్కో బస్తా 80 కిలోలు. వేసవిలో నడుం పట్టేసి మానేశాను. ఇప్పుడు నొప్పి లేదు, కానీ బస్తా చూస్తే టెన్షన్. ఎంఆర్ఐలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది పూసల మధ్య, డిస్క్ (పూసల మధ్య మెత్తటి దిండు లాంటిది) ఉబ్బిందని రాశారు. వంగితే మాత్రం చేతులు కాలివేళ్లకి అందుతున్నాయి. అంటే బాగైనట్టేనా? బెల్టు కట్టుకుని వెళ్లిపోమంటున్నాడు మావయ్య. మేస్త్రీ రోజూ ఫోన్ చేస్తున్నాడు.

కొండవెలగాడ కోచ్:
తమ్ముడూ, వేళ్లు అందడానికీ బరువు మోయడానికీ సంబంధం లేదు. తొడ వెనక కండ సాగితే ఎవరికైనా అందుతాయి. మా దగ్గరికి వెయిట్‌లిఫ్టింగ్‌కి వచ్చే పిల్లలకి బార్ ఇచ్చే ముందు నేను చూసేది నడుం ఎంతసేపు నిలబడుతుందనే. మొల దాకా మంచం మీద బోర్లా పడుకో. పైభాగం మంచం బయట ఉండాలి, కాళ్లు ఎవరైనా గట్టిగా అదిమి పట్టాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఒళ్లు వాలిపోకుండా ఎన్ని సెకన్లు ఉంటావో చూడు. తల కింద స్టూలు పెట్టుకో, పడితే పళ్లు పోతాయి! ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని కొలిస్తే సగటు 146 సెకన్లు వచ్చింది, ఆడపిల్లలకి 189. అవును, ఇందులో వాళ్లే మనకంటే గట్టి. తర్వాత పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్లంతా లేపి ఉంచు. అది మగవాళ్లకి 95 దాకా వస్తుంది. అసలు చూడాల్సింది రెండు పక్కలూ దాదాపు సమానంగా ఉన్నాయా అని.

ఫిజియో, శ్రీకాకుళం:
ఆగండి, ముందు నరం సంగతి తేల్చుకోవాలి. వెల్లకిలా పడుకుంటే ఇంకొకరు మీ కాలిని మోకాలు వంచకుండా మెల్లగా లేపాలి. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందకి నొప్పి జివ్వున పాకితే పై పరీక్షల జోలికి వెళ్లకండి. మడమల మీద, మునివేళ్ల మీద నాలుగడుగులు వేయండి. పాదం నిలవక వాలిపోతుంటే డాక్టర్‌కి చూపించాలి. మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి. ఎంఆర్ఐ మాటకి బెదిరిపోకండి, నొప్పే లేని నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది.

పలాస కుర్రాడు:
కాలు లేపితే నొప్పి లేదు మేడమ్, నడక బాగుంది. బోర్లా పడుకుంటే నిమిషం దాటింది. కుడి పక్క కూడా అంతే. ఎడమ పక్క అందులో సగానికే వణికిపోయాను. బస్తా ఎప్పుడూ కుడి భుజం మీదే వేసుకుంటాను, అదేనా?

కొండవెలగాడ కోచ్:
కావొచ్చు. రోజూ ముందు ఎడమ పక్కే చెయ్యి, వణుకు రాకముందే దిగిపో, మళ్లీ లే. మోత 25 కిలోల బియ్యం బస్తాతో మొదలుపెట్టు, భుజం మార్చుకుంటూ. బెల్టు ఈ తేడాని సరిచేయదు.

ఫిజియో, శ్రీకాకుళం:
ఇంకొకటి. మగ కూలీకి కూడా 55 కిలోలు మించొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. 80 కిలోలు ఒక్కరి భుజం మీద వేయడమేంటండీ? ఇద్దరు పట్టి దించేలా మేస్త్రీతో మాట్లాడండి.

పలాస కుర్రాడు:
అడిగాను. ట్రాలీ చూస్తానన్నాడు. అప్పటిదాకా తూకం దగ్గర నిలబడతానని చెప్పాను.