₹2,500 ఇయర్‌ఫోన్లలో మృదంగం పలచగా వినిపిస్తోంది, ₹8,000వి కొనాలా?

ప్రశ్న

నమస్కారం. నేను రోజూ రైలులో రెండు గంటలు ప్రయాణిస్తూ, ఎక్కువగా కర్ణాటక సంగీత కచేరీలూ పాత సినిమా పాటలూ వింటాను. గత నెల ₹2,500 పెట్టి తీగ ఉన్న ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్లు కొన్నాను. వాటి గురించి నేను చదివినవన్నీ పొగడ్తలే. నా చెవికి మాత్రం గాత్రం కాస్త గరుకుగా, మృదంగం కుడి మూత టకటకలాడుతున్నట్టుగా వినిపిస్తోంది. ఎడమ మూత నుంచి రావలసిన గంభీర నాదం దాదాపు లేనట్టే ఉంది. అరగంట దాటితే ఎడమ చెవి లోపల నొప్పి కూడా మొదలవుతోంది. దుకాణంలో అడిగితే, ఈ ధరకు ఇంతేనని, ₹8,000వి తీసుకోమని అన్నారు. ధ్వని బాగుందో లేదో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పగలరు.

మొదటి జవాబు

ఇంకొకటి కొనే ముందు, పెట్టెలో ఇచ్చిన మిగిలిన రబ్బరు టిప్పులను (ఇయర్‌ఫోన్ మొనకు తొడిగి చెవిలో పెట్టుకునే మెత్తని తొడుగులను) బయటికి తీయండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ టిప్పు చెవి నాళాన్ని సరిగా మూయడం లేదనే సూచిస్తున్నాయి. ఇన్-ఇయర్ రకంలో బేస్ నిలబడాలంటే చెవి నాళంలోని గాలి బయటికి పోకూడదు. సన్నని సందు ఉన్నా కింది స్వరాలు జారిపోయి, పైస్వరాలు మాత్రం అలాగే మిగలడంతో మొత్తం ధ్వని గరుకుగా తోస్తుంది. పరీక్ష చాలా సులువు. పాట నడుస్తుండగా రెండింటినీ వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. అప్పుడు మృదంగం ఒక్కసారిగా నిండుగా మారితే, లోపం ఇయర్‌ఫోన్లది కాదు, టిప్పుది. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగితే నాళం కాస్త నిటారవుతుంది. చాలామందికి రెండు చెవుల నాళాలు ఒకే కొలతలో ఉండవు కనుక, ఒకవైపు చిన్నదీ మరోవైపు మధ్యరకందీ వాడడంలో తప్పేమీ లేదు. ఈ సిలికాన్ రబ్బరు టిప్పులు ఎంతకూ నిలవకపోతే, స్పంజి లాంటి ఫోమ్ టిప్పులు ప్రయత్నించండి: వేళ్ల మధ్య నలిపి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. అవి చెమటకు త్వరగా పాడవుతాయన్నది నిజమే.

రెండో జవాబు

పై మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను గానీ, నొప్పి విషయంలో ఒక తేడా ఉంది. నొప్పి నాళం లోపల ఉంటే టిప్పు పెద్దదైనట్టు. చెవి డొప్ప గుంటలో ఉంటే ఇయర్‌ఫోన్ ఒళ్లే మీ చెవికి పెద్దదైనట్టు. రెండోదానికి ఏ టిప్పూ మందు కాదు, ఆ జత మీది కాదనుకోవడమే.

ఇక వినే పద్ధతి. రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దాన్ని సమానం చేయకపోతే ఆ పోలికకు అర్థం లేదు. కొంచెం బిగ్గరగా మోగేదే మెరుగని చెవి మోసపోతుంది, దుకాణాల్లో జరిగేది చాలాసార్లు ఇదే. మీకు బాగా తెలిసిన కచేరీనే పెట్టుకోండి. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దేదే ఆ గంభీర నాదం కోసం; అది గాత్రాన్ని కప్పేయకుండా, విడిగా వినిపించాలి. తంబుర తీగ కింద నూలు పోగు సరిచేసినప్పుడు పుట్టే జుమ్మనే నాదం, గాయకుడు ఊపిరి తీసుకునే విరామంలోనూ సాగుతూ ఉండాలి. 1950ల నాటి సినిమా పాటలు మోనోలో, అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని వచ్చేలా, రికార్డయినవి కనుక, వాటిలో గొంతు సరిగ్గా తల మధ్యన నిలవాలి. ఒక పక్కకు ఒరిగితే, ముందుగా ఆ చెవి టిప్పును, తరువాత గుబిలి పేరుకునే నాజిల్ జాలీని (ధ్వని బయటికి వచ్చే మొన మీది సన్నని జల్లెడను) చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నొక్కి చూడగానే మృదంగం నిండుగా వచ్చింది. కుడివైపు మధ్యరకం, ఎడమవైపు చిన్నది పెట్టాక నొప్పి తగ్గింది. అయితే ₹8,000 పెడితే అదనంగా దక్కేదేమిటి?

మూడో జవాబు

మీరు వినే సంగీతానికి, నా ఉద్దేశంలో, పెద్దగా ఏమీ దక్కదు. పెట్టె మీద, పలికే స్వరాల పరిధిగా, 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని ముద్రించడం దాదాపు ఆనవాయితీ. ఆ మధ్యలో ఏ స్వరం ఎంత ఎక్కువతక్కువగా పలుకుతుందో ఆ అంకె చెప్పదు. డ్రైవర్ల (లోపల ధ్వని పుట్టించే చిన్న స్పీకర్ల) సంఖ్య కూడా అంతే. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఈఆర్-4 అనే ఇన్-ఇయర్ జత చెవికి ఒక్క డ్రైవర్‌తోనే పేరు తెచ్చుకుంది. డబ్బు పెట్టదలిస్తే తీగ విడిగా ఊడివచ్చే రకానికి పెట్టండి, ఎందుకంటే తరచూ ముందుగా తెగేది ప్లగ్ దగ్గరి తీగే. అప్పుడు కొత్త తీగ కొంటే చాలు, జత మొత్తం పారేయనక్కరలేదు. నా పాత జతకు ఇది మూడో తీగ.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు రైలులో విన్నాను. టిప్పు చెవిని సరిగా మూయడంతో చక్రాల రొద బాగా తగ్గింది. మునుపు ఫోనులో ముప్పావు వంతు దాకా పెంచే శబ్దం ఇప్పుడు సగానికే సరిపోయింది. ₹8,000 ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను.