గుజ్జెనగూళ్ళు: గూడా, కూడా?

మిత్రులారా, మా ఇంట్లో ఒక పేచీ వచ్చింది. తీర్పు చెప్పండి.

అమెరికాలో పుట్టి పెరిగిన మా అక్క కొడుకు సెలవులకు నెల్లూరు వచ్చాడు. వచ్చినప్పటి నుంచి చిన్ననాటి ఆటసామాను ‘క్రీపీ క్రాలర్స్’ గురించి ఒకటే కలవరింత. పురుగుల ఆకారంలో లోహపు అచ్చులు, సీసాల్లో చిక్కటి రంగుల ద్రవం. అచ్చులో పోసి వేడిచేస్తే గట్టిపడి, సాలెపురుగో తేలో రబ్బరులా ఊడివస్తుంది. 1964లో మాటెల్ కంపెనీ మొదట తెచ్చినప్పుడు అచ్చును వేడి పలక మీద పెట్టేవారు. వీడి నాటికి బల్బు వేడితో నడిచే బుల్లి పొయ్యి వచ్చింది. 1994లో ఆ పొయ్యిలోంచి పుట్టిన పురుగులనే వీరులను చేసి కార్టూన్ కూడా తీశారు. బల్లకీ చొక్కాకీ అంటిన జిగురు గురించి చెప్పేటప్పుడు వాడి మొహం చూడాలి!

“దీన్ని తెలుగులో ఏమంటారు పిన్నీ?” అన్నాడు. గుజ్జెనగూళ్ళు అన్నాను, అంటే పిల్లలు బుల్లి గిన్నెల్లో వండి వడ్డించుకునే ఆట.

“గుజ్జుతో కట్టే గూళ్ళా?” అన్నాడు. మా ఆయన కూడా వాడి పక్షమే.

కాదంటాను. పెన్న ఇసుకలో పాదం దూర్చి, పైన తడి ఇసుక తట్టి, మెల్లగా కాలు లాగితే నిలిచేది పిచ్చుకగూడు. అది గూడే. గుజ్జెనగూళ్ళలో ఉన్నది కూడు, అంటే అన్నం. బహువచనంలో కూళ్ళు అయి, ముందు మాటతో కలిసినప్పుడు ‘క’ కాస్తా ‘గ’ అయింది. పోతన తన రుక్మిణి చేత గుజ్జెనగూళ్ళు వండించి చెలులకు పెట్టించాడు గానీ కట్టించలేదు కదా!

రంగనాయకులపేటలో మేము ఈ ఆటనే బువ్వలాట అనేవాళ్ళం. కొబ్బరిచిప్ప గిన్నె, ఉదయగిరి చెక్క గరిటె, బంకమన్ను ఇడ్లీలు. ఒకసారి అమ్మ చూడకుండా గుప్పెడు మొలగొలుకుల బియ్యం తెచ్చి మూడు రాళ్ళ మీద నిజంగానే వండాం. సగం మాడింది, సగం పలుకు. అయినా వంతులేసుకుని తిన్నాం.

ఒంగోలు సభ్యురాలు: కూడు సరే, మరి గుజ్జు? మామిడిపండు గుజ్జేనా?

నా జవాబు: గుజ్జుకు పొట్టి అనే అర్థమూ ఉందండీ. గుజ్జుమావి అంటే పొట్టి మామిడి. బుల్లి గిన్నెల్లో బుల్లి కూళ్ళు అనుకుంటేనే నాకు సబబుగా తోస్తుంది.

కావలి మాస్టారు: తినడానికి పనికిరాని రబ్బరు తేలును కూడు అనడం అన్యాయం కాదా అమ్మా?

నా జవాబు: మా బంకమన్ను ఇడ్లీలు మాత్రం ఎవరు తిన్నారు మాస్టారూ? పొయ్యి ఉంది, వండటం ఉంది, ఒళ్ళంతా పూసుకోవడం ఉంది. ఆ పేరు దానికీ చెల్లుతుంది. మావాడు ఇప్పుడు కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని పెరట్లో మట్టితో తేలు చేస్తున్నాడు. తోక నిలవడం లేదట. లోపల చీపురుపుల్ల పెట్టమన్నాను.