కథ చెప్పే వచనంలో ఉపమ ఎందుకు ఉండకూడదు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): మా ఊరి సంత మీద కథ రాసి ఒక పత్రికకు పంపాను. "కొండ దిగే జనం చీమల బారులా ఉన్నారు" అన్న వాక్యాన్ని "కొండ మీంచి జనం దిగుతున్నారు" అని మార్చి వేశారు. వచనంలో ఉపమ పనికిరాదని ఎవరన్నారు? సమాసాల నిండుదనమే గద్యానికి ప్రాణమని అలంకారశాస్త్రం రాసిన సంస్కృత పండితుడు దండి ఎప్పుడో చెప్పాడు.

వంశధార (గుణుపూర్): చీమల బారు ఎన్ని కథల్లో చదివాం! మంచి పనే చేశారు. అలంకారం వద్దనను. ఉన్నది ఉన్నట్టు కళ్లకు కట్టేలా చెప్పే స్వభావోక్తి ఉంది కదా. "సవర ఆడవాళ్లు మోపులు దించి, చింతపండు ఆకుల మీద పోసి, బేరగాడి తక్కెడ ముల్లు మీదే చూపు పెట్టి కూర్చున్నారు" అని రాయండి. సంత కళ్లకు కడుతుంది.

మహేంద్రతనయ: స్వభావోక్తి అలంకారమే కాదన్నాడు మరో సంస్కృత ఆలంకారికుడు కుంతకుడు. స్వభావమే అలంకారమైతే అలంకరించేది దేన్ని? తన భుజం మీద తానే ఎక్కలేరు కదా అని అడిగాడు.

వంశధార: దండి దాన్నే మొదటి అలంకారంగా చెప్పాడు. గద్యానికైతే దండి కావాలి, దీనికి మాత్రం కుంతకుడా?

నాగావళి (రాయగడ): ముందు కథ పెట్టండి, చదువుతాం.

బరంపురంవాసి: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి సమాసాలు కావాలంటారేమిటండీ!

మహేంద్రతనయ: గిడుగు వారు వాడుక భాషలో రాయమన్నారు. వాడుక భాషకు అలంకారాలు లేవని ఎక్కడన్నారు? 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది. అప్పట్నుంచి మా మాట ఎవరికీ పట్టలేదు. రాసి పంపితే కత్తిరిస్తారు. నా టెన్షన్ అదీ.

వంశధార: ఇప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. నా బాధ వినండి. మా అబ్బాయిది ఒడియా మీడియం. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవాలంటే కూడబలుక్కోవాలి. ఒక కథ ఇస్తే, వరసగా వచ్చిన ఉత్ప్రేక్షలు, అంటే ఒకదాన్ని మరొకటిగా ఊహించి చెప్పే మాటలు, దాటలేక రెండో పేరాలోనే వదిలేశాడు. మీరు ఎడిటర్‌తో గొడవ పడుతున్నారు. నేను వాడు చదివేలా రాయమంటున్నాను.

మహేంద్రతనయ: వాడి కోసమని అన్నీ తీసేస్తే వాడికి మిగిలేది పాఠ్యపుస్తకం తెలుగే. పెద్దవాళ్ల పోలికలు వాడికి ఎవరు అందిస్తారు?

వంశధార: పెద్దవాళ్లవైతే రాయండి. చీమల బారు పుస్తకాల్లోది.

మహేంద్రతనయ: మా నాయనమ్మ మాట అది! అరుగు మీద కూర్చుని కొండకేసి చూపిస్తూ అనేది. పాతదని మీరెన్ని చెప్పినా తీయను.

నాగావళి: అయితే ఆ మాట కథలో ఆవిడ చేతే అనిపించండి. ఎవరూ ముట్టుకోరు.

మహేంద్రతనయ: అదే ఒప్పుకోను. మన మాట పాత్రల నోట ఉంటే ముద్దు, కథ చెప్పేవాడు మాత్రం పత్రికవాళ్లకు నచ్చిన తెలుగులోనే చెప్పాలా? ఈ కథ చెప్పేది నేను. నాకూ అదే భాష.

వంశధార: ఆ ముక్క మొదటే రాయాల్సింది. ఉత్ప్రేక్షల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.